ఇది ఏ సంవత్సరం పుస్తకం?



హైస్కూలుకు పోయే మీ పాప ఒక కాగితం తెచ్చింది అనుకోండి. "అమ్మా, దీని మీద సంతకం పెట్టు. క్యాంపుకు పోవాల" అంటుంది. మునుపైతే మీరు బొటనవేలు ముందుకు చాపేవారు. ఇంకు పూసి ఒత్తేవారు. అందులో ఏం రాసిందో టీచరుకు తెలుసు, పాపకు తెలుసు. మీకు మాత్రం తెలీదు.

ఇప్పుడు మీరు కూడబలుక్కుని అయినా చదువుతారు. కాబట్టి ఆ కాగితం గురించి, ఆ క్యాంపు గురించి ఈ పాఠంలో మాట్లాడుకుందాం. నేను చేసిన ఒక తప్పు గురించి కూడా చెప్పాలి. అది చెప్పకపోతే ఈ పాఠం రాయడం దండగ.

నీలం బట్టల పిల్లలు

కొన్ని హైస్కూళ్లలో కొందరు ఆడపిల్లలు నీలం బట్టలు వేసుకుని, మెడలో స్కార్ఫు కట్టుకుని కనిపిస్తారు. వాళ్లను గైడ్లు అంటారు. మగపిల్లలైతే స్కౌట్లు. పదేళ్లు దాటిన పిల్లలు ఇందులో చేరవచ్చు. రకరకాల ముడులు వేయడం, గుడారం కట్టడం, ఆరుబయట వంట చేయడం, దెబ్బ తగిలితే కట్టు కట్టడం నేర్పుతారు. రోజుకు ఒక్కటైనా మంచి పని చేయాలంటారు. "సిద్ధంగా ఉండు" అన్నది వాళ్ల మాట.

1907లో బేడెన్ పవెల్ అనే ఇంగ్లండు సైన్యాధికారి ఇరవై మంది మగపిల్లలను ఒక దీవికి తీసుకుపోయి క్యాంపు పెట్టాడు. మరుసటి ఏడు, అంటే 1908లో, ఒక పుస్తకం రాశాడు. అదే స్కౌట్లకు మొదటి పుస్తకం. ఆ పుస్తకం మగపిల్లల కోసమే. కానీ 1909లో లండనులో స్కౌట్లు అందరూ కూడినచోటికి కొందరు ఆడపిల్లలు కూడా వచ్చి నిలబడ్డారు. "మేమూ ఉన్నాం" అన్నారు. 1910లో ఆడపిల్లలకు గైడ్ల సంఘం వచ్చింది.

మన దేశంలో స్కౌటింగు 1909లో మొదలైంది. మొదట్లో తెల్లవాళ్ల పిల్లలనే చేర్చుకున్నారు. మన పిల్లలకు చోటు లేదు. అప్పుడు అనిబిసెంటు అమ్మ మద్రాసులో మన పిల్లల కోసం వేరే సంఘం పెట్టించింది. ఆ రోజుల్లో మన కర్నూలు కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబరు 7న సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. 1951లో ఆడపిల్లల సంఘం కూడా అందులో కలిసింది.

చూశారా? ఆడపిల్లలు కూడదన్న నియమం పోయింది. నల్లవాళ్ల పిల్లలు కూడదన్న నియమం పోయింది. నియమాలు మారుతూనే వచ్చాయి.

మారనివి కూడా ఉన్నాయి. గైడ్లు కలిసినప్పుడు ఎడమ చేయి కలుపుతారు. మా అమ్మ ఒకసారి చూసి, "ఛీ, ఎడం చెయ్యి ఇస్తారామ్మీ ఎవరికన్నా?" అని ముక్కు విరిచింది. ప్రపంచమంతా వాళ్ల పద్ధతి అదే. మీ పాప అట్లా చేస్తే తిట్టకండి.

నా నోటుబుక్కు

గైడ్లను నడిపే ఆమెను గైడ్ కెప్టెన్ అంటారు. ఆడపిల్లల గుంపును నడిపేది ఆడమనిషే. ఈ పనికి వేరే జీతం లేదు. బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మలే ఇష్టంతో చేస్తారు. ముందు బేసిక్ కోర్సు అని ఒక ట్రైనింగు ఉంటుంది. తర్వాత అడ్వాన్స్‌డ్ కోర్సు. ఆ పైన హిమాలయ వుడ్ బ్యాడ్జి. చాలామంది మొదటి మెట్టు ఎక్కి అక్కడే ఆగుతారు. ఇంటి పని, బడి పని, బదిలీలు. వాళ్లను తప్పు పట్టలేం.

నేను ఒక హైస్కూల్లో గైడ్లకు సాయం చేస్తాను. నాకు ఈ పని నేర్పింది ఒక పెద్ద టీచరమ్మ. చాలా మంచి మనిషి. ఎండైనా వానైనా శనివారం సాయంత్రం పిల్లల్ని వదిలేది కాదు. తన చేతిరాత నోటుబుక్కు నాకు ఇచ్చింది. నేను దాన్ని అక్షరం పొల్లుపోకుండా నా నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ముడులు, ఈల గుర్తులు, ప్రథమ చికిత్స, అన్నీ.

అందులో పాము కాటు గురించి ఇట్లా ఉంది: కాటు పైన గుడ్డతో గట్టిగా కట్టాలి. కట్టులో పుల్ల దూర్చి మెలి తిప్పాలి. బ్లేడుతో గాటు పెట్టి రక్తం తీయాలి.

నేను అదే చెప్పాను. గాటు మాట నాకే భయం వేసి వదిలేశాను. కట్టు మాత్రం పిల్లలతో వేయించాను. ఒకరి పిక్కకు ఒకరు స్కార్ఫు చుట్టి, పుల్ల పెట్టి మెలితిప్పి నవ్వుకున్నారు.

వానకాలం వచ్చింది. మన చదువు కేంద్రానికి వచ్చే ఒకక్క, ఆమె ఆడబిడ్డ, బుడ్డల చేనులో కలుపు తీస్తున్నారు. ఆడబిడ్డ కాలి మీద పాము కాటేసింది. సెలవు కాబట్టి అక్క కూతురు కూడా చేనులోనే ఉంది. ఆ పాప మన గైడు. ఏడవలేదు, పరుగెత్తలేదు. తల గుడ్డ తీసి అత్త మోకాలి కింద కట్టి, కంది పుల్ల పెట్టి మెలితిప్పింది. నేను నేర్పినట్టే.

ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయారు. పాదం నల్లగా ఉబ్బింది. డాక్టరమ్మ చూసి, "ఈ కట్టు ఎవరు కట్టినారు?" అంది. పాప గొప్పగా "నేనే మేడం. మా కెప్టెనక్క నేర్పింది" అంది. డాక్టరమ్మ ఏమీ అనలేదు. ముందు విరుగుడు మందు సిద్ధం చేసుకుంది. తర్వాతే కట్టు మెల్లమెల్లగా వదులు చేసింది. ఆ ఆడబిడ్డ బతికింది. కాలు కూడా నిలబడింది. ఆసుపత్రి దగ్గర కాబట్టి సరిపోయింది. ఇంకో రెండు గంటలు ఆ కట్టు అట్లే ఉంటే కాలు పోయేదని డాక్టరమ్మ చెప్పిందంట.

అక్క వచ్చి నాకు ఈ సంగతి చెప్పింది. కోపంగా చెప్పలేదు. "ఎందుకక్కా, పుస్తకంలో అట్ల రాసిండారా?" అని అడిగింది. నేను నోటుబుక్కు తీసి చూశాను. అన్ని పేజీలూ తిప్పాను. ఎక్కడా సంవత్సరం లేదు.

పాత మాట ఎందుకు పుట్టింది?

కట్టు కట్టమన్నది ఆ టీచరమ్మ సొంత మాట కాదు. 1908లో బేడెన్ పవెల్ రాసిన పుస్తకంలోనే ఉంది. తాడుతో బిగించి కట్టు, విషం పీల్చు అని. అప్పటి డాక్టర్లు కూడా అదే చెప్పేవారు. పల్లెల్లో విరుగుడు మందు దొరికేది కాదు. విషం పైకి ఎక్కకుండా ఆపితే చాలు అనుకున్నారు.

తర్వాత డాక్టర్లు వేలమంది రోగులను చూశారు. రక్తపింజర, చిన్న పింజర కరిస్తే ఆ విషం కరిచిన చోటనే కండను కుళ్లబెడుతుంది. గట్టిగా కట్టు కడితే విషం అక్కడే నిలుస్తుంది, పైనుంచి రక్తం కూడా రాదు. కాలు చచ్చుబడుతుంది. కట్టు ఒక్కసారిగా విప్పితే నిలిచిన విషం అంతా ఒక్కపెట్టున ఒంట్లోకి పోతుంది. ఇంకొక చెడ్డ ఉంది. "కట్టు కట్టినాంలే" అన్న ధైర్యంతో మనవాళ్లు పసరుకు, మంత్రానికి పోయి పొద్దు పుచ్చుతారు.

అందుకే కేంద్ర ఆరోగ్య శాఖ 2009లో అచ్చు వేసిన పాము కాటు నియమాల్లో కట్టు వద్దు, కోత వద్దు, పీల్చడం వద్దు అని ఉంది. ఇప్పుడు చేయవలసింది ఇది. మెల్లగా చదవండి, ఇంకొకరికి చదివి వినిపించండి.

కరిచిన మనిషికి ధైర్యం చెప్పాలి. పది కాట్లలో దాదాపు ఏడు విషం లేని పాములవే. మనిషిని నడిపించకూడదు, పరుగెత్తించకూడదు. పడుకోబెట్టాలి. కాలు గానీ చేయి గానీ విరిగితే ఎట్లా కదలకుండా పెడతామో అట్లా, పక్కన కర్ర పెట్టి గుడ్డతో వదులుగా కట్టాలి. గాజులు, ఉంగరం, మెట్టెలు, కాళ్ల పట్టీలు వెంటనే తీసేయాలి. వాపు వస్తే అవి కోసుకుపోతాయి. చాలామంది ఇది మరిచిపోతారు. 108కి ఫోన్ చేయాలి. అది రావడానికి ఆలస్యం అయ్యేటట్టుంటే బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని పోవాలి. పాము కోసం వెతకవద్దు, చంపడానికి పోవద్దు. చంపబోయి ఇంకొకరు కాటు తింటారు. ఎన్ని గంటలకు కరిచిందో గుర్తు పెట్టుకుని డాక్టరుకు చెప్పాలి. ఎవరైనా ముందే గట్టి కట్టు కట్టేసి ఉంటే ఇంట్లో విప్పకండి, డాక్టరు ముందే విప్పాలి. విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

కట్లపాము సంగతి వేరు. అది రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనపడదు. తెల్లవారుజామున కడుపు నొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి. అజీర్తి అనుకుని వాము నీళ్లు తాపుతూ కూర్చోకండి. సుగ్గికి పోయి చేల గట్ల మీద గుడిసెల్లో పడుకునే వాళ్లు మంచమో, దోమతెరో చూసుకోవాలి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపాలి.

ఇది చిన్న సంగతి కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ఒక పరిశోధన లెక్క కట్టింది. అంటే ఏడాదికి 58 వేల మంది. ఎక్కువమంది పల్లెల వాళ్లే. వానకాలంలోనే ఎక్కువ.

పెద్ద టీచరమ్మకు ఎట్లా చెప్పాలి?

నాకు కష్టం అనిపించింది ఇదే. వారం రోజులు వాయిదా వేశాను. చివరికి ఇంటికి పోయి కూర్చుని చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపు మాట్లాడలేదు.

"ఇరవై ఏండ్లు చెప్పినాను కదమ్మా పిల్లోళ్లకు" అంది.

అంతమంది పిల్లల్లో ఎవరు ఎవరికి ఆ కట్టు కట్టారో అని ఆమె బాధ. నేను ఏం చెప్పలేకపోయాను. ఆమె నేర్చుకున్నప్పుడు అది సరైన పాఠమే. ఆ తర్వాత మారిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా ఎవరినీ అడగలేదు. ఇరవై ఏళ్లు ఒక పని బాగా చేసినవాళ్లకు అడగాలని ఎందుకు తోస్తుంది? నాకు ఆమె కన్నా తక్కువ క్షమాపణ ఉంది. నేను చిన్నదాన్ని, ఫోను చేతిలో ఉంది, ఆసుపత్రి నర్సమ్మ మా వీధిలోనే ఉంటుంది. అయినా అడగలేదు.

మన ఇళ్లలో కూడా ఇట్లాంటిది ఉంది. జేజి అంటుంది, "ఆడపిల్లకు పదహైదు నిండితే పెండ్లి చేయొచ్చు, చట్టమే చెప్పింది" అని. జేజి అబద్ధం చెప్పడం లేదు. 1929 చట్టంలో ఆడపిల్లకు 14 ఏళ్లు అని ఉండేది. 1949లో 15 చేశారు. 1978లో 18 చేశారు. జేజి పెళ్లినాటి చట్టం జేజికి గుర్తుంది. మనవరాలి నాటికి అది చెల్లదు.

ఇంకా ఏం మారాయి?

పాము కాటు సంగతి తెలిశాక నేను మిగతా పేజీలు కూడా అనుమానంగా చూశాను.

ఆలస్యంగా వచ్చిన పిల్లను ఎండలో నిలబెట్టు, మైదానం చుట్టూ పరుగెత్తించు అని ఉంది. క్రమశిక్షణ అంటే అదే అనుకునేవారు. 2009లో వచ్చిన విద్యా హక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడం, మనసు నొప్పించేలా శిక్షించడం నిషేధించింది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కర్నూలు ఎండలో ఒక గంట నిలబెడితే పిల్ల పడిపోతుంది, దానికి చట్టం కూడా అక్కరలేదు అనుకోండి.

గైడ్లు గౌనే వేసుకోవాలి అని ఉంది. ఆ మాట విని ఇద్దరు తల్లులు పిల్లల్ని మాన్పించారు. ఇప్పుడు గైడ్ల బట్టల్లో పంజాబీ డ్రస్సు కూడా ఉంది, ఓణీతో సహా. ఈ ఒక్క ముక్క తెలియక ఆ ఇద్దరు పిల్లలు క్యాంపు చూడలేదు. నాకు ఇప్పటికీ బాధే.

"రాష్ట్రపతి అవార్డు తెచ్చుకుంటే రైల్వే ఉద్యోగం ఖాయం" అని కూడా కొందరు చెబుతారు. నమ్మి అప్పు చేయకండి. రైల్వేలో స్కౌట్ల కోటా ఉన్నమాట నిజం. కానీ ఉద్యోగాలు కొన్నే. చదువు, వయసు, పరీక్ష, అన్నీ చూస్తారు. ఆ ఏడు వచ్చిన ప్రకటనలో ఏముందో అదే లెక్క. అవార్డుకు కూడా మెట్లు ఉన్నాయి. ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్, ఆ తర్వాతే రాష్ట్రపతి అవార్డు. ఏళ్లు పడుతుంది.

నా నోటుబుక్కులో అసలు లేని సంగతి ఒకటి ఉంది. క్యాంపులో ఎవరైనా పిల్ల మీద చెడ్డగా చేయి వేస్తే ఏం చేయాలి? పాత పద్ధతి ఏమంటే, ఎవరికీ చెప్పకుండా కప్పెట్టడం. "పరువు పోతుంది" అనడం. 2012లో పిల్లల రక్షణకు పోక్సో అనే చట్టం వచ్చింది. సంగతి తెలిసిన వాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. కప్పిపెడితే అది కూడా నేరమే. పిల్లలే ఫోన్ చేసుకోవడానికి 1098 అనే నంబరు ఉంది, దానికి డబ్బు పడదు. మీ పాప చేత ఈ నాలుగు అంకెలు పలికించండి.

కాగితం మీద ఏం చూడాలి?

ఎక్కడికి పోతున్నారు, ఏ తేదీన పోయి ఏ తేదీన వస్తారు అన్నవి ముందు చూడండి. రాత్రి ఆడపిల్లల దగ్గర ఏ ఆడ టీచరు ఉంటుందో పేరు ఉండాలి. ఒక ఫోన్ నంబరు ఉండాలి. డబ్బు ఎంత, దేనికి అని ఉండాలి. మీ పాపకు మూర్ఛ, ఆయాసం, ఏదైనా మందు పడకపోవడం వంటివి ఉంటే రాయడానికి చోటు ఉండాలి. చోటు లేకపోతే కాగితం వెనక రాయండి.

ఆ తర్వాత ఒక ప్రశ్న అడగండి. "టీచరమ్మా, మీరు నేర్పేది ఏ సంవత్సరం పుస్తకంలోది?" ఇట్లా అడిగితే కోపం వస్తుందేమో అని మీకు భయం ఉంటుంది. కొందరికి రావచ్చు కూడా. నాకైతే సిగ్గు వచ్చింది.

మళ్లీ చలికాలంలో మా గైడ్లకు రెండు రోజుల క్యాంపు వచ్చింది. ఇంటింటికీ కాగితాలు పంపాను. ఆ అక్క సుగ్గికి గుంటూరు పోయే తొందరలో ఉంది. అయినా కాగితం చదివింది. మూడు రోజులు పట్టింది. సంతకం పెట్టింది. సంతకం కింద పెద్ద పెద్ద అక్షరాలతో ఇట్లా రాసింది:

"పాపను పంపుతాను. నేను ఊర్లో ఉండను. రాత్రి పాప దగ్గర ఎవరు ఉంటారు. పము కరిస్తే ఈసారి ఏం చేస్తారు. రాసి పంపండి."

పాముకు దీర్ఘం మరిచింది. నేను దిద్దలేదు. ఆ రాత్రి కూర్చుని జవాబు రాశాను. పేజీ నిండింది. పైన తేదీ వేసి, సంవత్సరం కూడా వేసి, పొద్దున్నే పాప చేత పంపాను.